వంటింటి సందేహాలు: జామపండు దొన్నెలో పనీర్ ముక్క

ప్రశ్న: డిసెంబరు మొదటి వారంలో మా అమ్మాయి పెళ్లి మాటల కోసం మగపెళ్లివారు పన్నెండు మంది ఒక సాయంత్రం మా ఇంటికి వస్తున్నారు. భోజనానికి ముందు, మాటలు సాగుతుండగా చేతికి అందించడానికి తేలికగా, చూడముచ్చటగా ఉండేది ఏదైనా చేయాలని ఉంది. బజ్జీలో సమోసాలో పెడితే నేను పొయ్యి దగ్గరే ఉండిపోవలసి వస్తుంది. చీజ్, పండ్ల ముక్కలు పుల్లలకు గుచ్చి పెడదామని మా అబ్బాయి అంటున్నాడు. అది పెద్దవాళ్లకు నచ్చుతుందా? అనాస, ద్రాక్ష, ఆపిల్ అన్నీ కలిపి గుచ్చవచ్చా? ముందురోజే చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అబ్బాయి ఆలోచన చాలా బాగుంది. అయితే అన్ని పండ్లనూ ఒకే పుల్లకు గుచ్చవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. నాలుగు రుచులు ఒకేసారి నోట్లోకి వెళితే ఏ ఒక్కటీ నాలుకకు తెలియదు, పళ్లెం కూడా కంటికి చిందరవందరగా కనిపిస్తుంది. ఒక పండు, ఒక చీజ్, పైన ఒక పుదీనా ఆకు, అంతే చాలు. డిసెంబరులో జామపండ్లు మంచి అదనులో ఉంటాయి కనుక వాటినే తీసుకుని, ఇంట్లో చేసిన ఉప్పు పనీర్‌ను వాటికి జత చేయండి.

పెద్దవాళ్లకు నచ్చుతుందా అనే భయం మీకు అక్కరలేదు. జామకాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారమూ అద్దుకుని తినడం మనకు బడి గేటు దగ్గరి నుంచీ అలవాటే. ఉప్పు తగలగానే పండులోని వగరు వెనక్కు తగ్గి తీపి ముందుకు వస్తుంది. పండు పక్కన పెట్టిన చీజ్ కూడా ఆ పనే చేస్తుంది. పైగా అందులోని వెన్న పండు పులుపును మెత్తబరుస్తుంది. చీజ్‌తో పియర్ పండు ఎంత బాగుంటుందో రైతుకు తెలియనివ్వవద్దని ఇటలీలో ఒక పాత సామెత ఉంది. బ్రెజిల్‌లో జామపండు గుజ్జును పంచదారతో ముద్దకట్టేదాకా ఉడికించి, ముక్కలు కోసి, తెల్లని తాజా చీజ్‌తో కలిపి తింటారు. ఆ తాజా చీజ్‌కు మన వంటింట్లో అన్నిటికంటే దగ్గరి చుట్టం పనీరే. లోటల్లా ఒక్కటే, పనీర్‌లో ఉప్పు ఉండదు. కొన్న పనీర్‌ను అలాగే పండు మీద పెట్టినవారు ‘ఇది చప్పగా ఉందే’ అని నిరాశపడేది అందుకే.

పన్నెండు మందికి తలా మూడు చొప్పున ముప్పై ఆరు ముక్కలు కావాలి. రెండు లీటర్ల చిక్కని గేదె పాలు తీసుకుంటే 350 నుంచి 400 గ్రాముల పనీర్ వస్తుంది. రెండు సెంటీమీటర్ల ఘనంగా కోసినప్పుడు ఒక్కో ముక్క ఎనిమిది గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది కనుక, అంచుల తరుగు పోయినా మీకు సరిపోతుంది. పాలు పొంగు రాగానే పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసంలో అంతే నీరు కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెను నెమ్మదిగా తిప్పండి. పాలు విరిగి, అడుగున నీరు లేత ఆకుపచ్చ రంగులో తేటగా కనబడిన వెంటనే నిమ్మరసం ఆపేయాలి. ఇంకా పోస్తే పనీర్ గట్టిపడి పుల్లబడుతుంది. పలుచని నూలు బట్టలో వడకట్టి, పులుపు పోయేలా ఒకసారి చన్నీళ్లు పోసి, మూట ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒక చిన్న చెంచా ఉప్పు, అర చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు కలపండి. ఈ దశలో కలిపిన ఉప్పు లోపలిదాకా అందుతుంది, పైన చల్లిన ఉప్పు అందదు. తర్వాత మూటను చదునుగా పరిచి, రోలు పొత్రమో నీళ్లు నింపిన గిన్నెనో దానిపై ఒక గంట ఉంచి, ఆపైన కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే కత్తికి అంటుకోకుండా తెగుతుంది. పాలు విరగ్గొట్టే తీరిక లేకపోతే బజారు పనీర్ ముక్కలనే రెండు కప్పుల గోరువెచ్చని నీటిలో ఒకటిన్నర చెంచాల ఉప్పు కరిగించి అరగంట నానబెట్టండి. అదీ బాగానే ఉంటుంది, కానీ ఇంటి పనీర్‌కు ఉండే పాల వాసన దానికి రాదు.

ఇక జామపండు. వేలితో నొక్కితే కొద్దిగా లొంగి, ముచ్చిక దగ్గర వాసన వేసే పండు కావాలి. పూర్తిగా మెత్తబడినది జావగా అయిపోతుంది, పచ్చిది పెద్దవాళ్ల పళ్లకు ఇబ్బంది. మధ్యరకం పండ్లు ఏడో ఎనిమిదో తీసుకుని, తొడిమనూ అడుగునూ తీసేసి, నిలువుగా ఆరేసి చీలికలు చేయండి. చెంచా అంచుతో గింజల గుజ్జును తోడేస్తే ప్రతి చీలికా చిన్న దొన్నెలా లోతుగా తయారవుతుంది. పనీర్ ముక్క కదలకుండా అందులో కూర్చుంటుంది కనుక పుల్ల అవసరమే ఉండదు. పుల్ల లేకపోవడమే నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి. మాటల్లో పడిన పెద్దాయన చేతిలో పుల్ల మిగిలి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూడవలసిన అవస్థ ఉండదు. తోడిన గుజ్జును పారేయకుండా వడకట్టి, తేనె, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి ఉంచుకుంటే, వడ్డించే ముందు ఒక్కో ముక్కపై ఒక్కో చుక్క వేయవచ్చు. లోపల ఎర్రగా ఉండే జామ దొరికితే తెల్లని పనీర్, ఆకుపచ్చని పుదీనా దాని మీద ఎంతో అందంగా కనిపిస్తాయి.

ముందురోజే చేయవచ్చా అన్నదానికి జవాబు రెండు భాగాలు. పనీర్‌ను ముందురోజే చేసి, కోయకుండా దిమ్మగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పండును మాత్రం అతిథులు రావడానికి ఒక గంట ముందు కోసి, ముక్కలకు నిమ్మరసం పలుచగా రాయండి. రెండింటినీ ఒకచోట చేర్చడం చివరి పదిహేను నిమిషాల పని. ముందే చేరిస్తే పండు నీరు వదిలి పనీర్ చెమర్చుతుంది.

అనాస ఎందుకు వద్దో విడిగా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక పూజ తరువాత వచ్చిన బంధువుల కోసం అనాస ముక్కలూ పనీర్ ముక్కలూ పొద్దున్నే గుచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం తీసేసరికి పండు తగిలిన వైపు పనీర్ పేస్టులా మెత్తబడి, నోట్లో పెట్టుకుంటే చేదు తగిలింది. తప్పు పనీర్‌ది కాదు. వేడి తగలని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని ప్రోటీన్‌ను చిన్న చిన్న తునకలుగా విడగొడుతుంది, వాటిలో కొన్ని చేదుగా ఉంటాయి. కివీలోనూ బొప్పాయిలోనూ ఇటువంటి ఎంజైములే ఉంటాయి. బొప్పాయి ఎంత పచ్చిగా ఉంటే అంత ఎక్కువ. వేడి తగిలితే వాటి బలం పోతుంది కనుక, అనాసే కావాలనుకుంటే పలుచని చక్రాలుగా కోసి, పెనం మీద రెండు వైపులా బాగా కాల్చి, చల్లారిన తర్వాత వాడండి.

దీనికి తోడుగా పొడిగా ఉండే రకం ఇంకొకటి ఉంటే మీకు నిశ్చింత. మెత్తని ఖర్జూరాలను నిలువుగా చీల్చి, గింజ తీసి, ఆ చోట వేలెడు పొడవు చెడ్డర్ చీజ్ పలుకును, సగం అక్రోటు గింజను పెట్టి మూసేయండి. చెడ్డర్ దొరకకపోతే ప్రాసెస్డ్ చీజ్ క్యూబును ఆరు పలుకులు చేసుకోవచ్చు. ఇది ముందురోజు చేసి మూత బిగించి పెట్టినా చెడదు. వడ్డించడానికి ఇరవై నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీయడం మాత్రం మరచిపోవద్దు, ఎందుకంటే చల్లగా ఉన్న చీజ్‌లో వెన్న బిగుసుకుపోయి వాసనా రుచీ బయటకు రావు. బయట పెట్టిన పళ్లెం ఏదైనా రెండు గంటలు దాటకుండా చూసుకోండి. ఎండాకాలంలో 32 డిగ్రీలు మించిన వేడి ఉంటే ఒక్క గంటే.

ప్రశ్న: మా అత్తగారు కఠిన శాకాహారి. చీజ్‌లో దూడ పొట్టలోని పదార్థం కలుపుతారని ఎవరో చెప్పగా ఆవిడ ముట్టడం మానేశారు. ఇది నిజమా? ఆవిడకు నిర్భయంగా పెట్టదగినది ఏది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ అత్తగారి సందేహం న్యాయమైనదే. పాలను గడ్డకట్టించే రెన్నెట్‌ను సంప్రదాయంగా పాలు తాగే దూడ నాలుగో పొట్ట నుంచి తీసేవారు, కొన్ని చీజ్‌లకు ఇప్పటికీ అలాగే తీస్తున్నారు. ఇటలీలోని పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్ తయారీ నిబంధనలలోనే దూడ రెన్నెట్ వాడాలని ఉంది కనుక, అది శాకాహారులకు పనికిరాదు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ విరివిగా దొరుకుతోంది. దూడతో పనిలేకుండా, పులియబెట్టే పద్ధతిలో తయారుచేసిన కైమోసిన్‌ను (రెన్నెట్‌లో పాలను గడ్డకట్టించే ఎంజైము ఇదే) అమెరికాలో 1990లోనే ఆమోదించారు. మన దేశంలో ప్యాకెట్టుపై ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూపించి ఆవిడకు ధైర్యం చెప్పండి. పనీర్‌కైతే ఆ ప్రశ్నే లేదు. దాన్ని నిమ్మరసంతోనో పెరుగుతోనో విరగ్గొడతాం, రెన్నెట్ ఊసే రాదు. ఆవిడ ఎదుటే పాలు విరగ్గొట్టి చూపిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. మా కోడలికి ఐదో నెల. సీమంతానికి వచ్చే స్నేహితులకు బ్రీ చీజ్, అంజీర్ పళ్లతో పళ్లెం పెట్టాలనుకుంటున్నాము. కోడలు తినవచ్చునా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ముందుగా అమ్మాయికి నా ఆశీస్సులు. మెత్తగా, తేమగా ఉండే చీజ్‌లలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి పెరిగే అవకాశం ఉంది. గర్భిణులకు అది మామూలు వాళ్లకంటే ఎక్కువ ప్రమాదకరం. పైన తెల్లని బూజు పొర ఉండే బ్రీ ఈ కోవలోదే. అందువల్ల కోడలి పళ్లెంలో చెడ్డర్, గౌడా వంటి గట్టి చీజ్‌లు పెట్టండి, అవి కూడా పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినవని చీటీ మీద చదివిన తర్వాతనే. బ్రీ మీద ఆమెకు మనసుంటే, ఓవెన్‌లో లోపలంతా కరిగి పొగలు కక్కేదాకా వేడిచేసి, నాలుగుగా విచ్చిన అంజీర్‌తో వేడివేడిగా ఇవ్వవచ్చు. అయినా ఆమెను చూస్తున్న డాక్టరు గారిని ఒక మాట అడిగి ఇవ్వడం మేలు. పళ్లను, పైకి శుభ్రంగా కనిపించినా సరే, కోయడానికి ముందే కుళాయి నీటి కింద కడగండి. తొక్క మీది మురికి కత్తితోపాటే లోపలికి చేరుతుంది. అతిథుల కోసం పెట్టే బ్రీకి వేరే కత్తి, వేరే పలక వాడి, కోడలి పళ్లెం సిద్ధం చేసి మూతపెట్టిన తర్వాతనే ఆ పని మొదలుపెట్టండి.