లోలకం, ఐదు డబ్బాలు, ఒక నగదు సవాలు

ప్రశ్న: అతీంద్రియ శక్తి ఉందని నిరూపిస్తే పెద్ద మొత్తం ఇస్తామంటూ విసిరే సవాళ్ళు న్యాయమైన పరీక్షలేనా? ఇన్నేళ్ళలో ఎవరూ గెలవలేదంటే అలాంటి శక్తులు లేవని తేలినట్టేనా?

మొదటి ప్రశ్నకు నా జవాబు అవును, న్యాయంగా పెట్టవచ్చు. రెండోదానికి, తేలినట్టు కాదు. నేను అతీంద్రియ శక్తులను నమ్మను. రెండో జవాబు చూసి నన్ను అవతలి పక్షంలో చేర్చేవారు ఉంటారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఇలాంటి సవాలు ఒకటి నడిపిన చిన్న బృందంలో నేను ఉన్నాను. గణాంకశాస్త్రం చదివానని పరీక్ష పద్ధతి రాసే పని నాకు అప్పగించారు. దరఖాస్తు పెట్టినాయన వయసులో పెద్దవారు. దారానికి కట్టిన ఇత్తడి లోలకం ఊగే తీరును బట్టి, మూత పెట్టిన పాత్రలో నీళ్ళున్నాయో లేవో చెప్పగలనన్నారు. ఎవరో గారడీవాడు వస్తాడని, అతని చేతివాటం పట్టేయాలని మేము కాచుకుని కూర్చున్నాం. పావుగంట మాట్లాడేసరికి అందరికీ అర్థమైంది. ఆయన ఎవరినీ మోసం చేయడానికి రాలేదు. తాను చెప్పేది అక్షరాలా నమ్ముతున్నారు.

పద్ధతి మీద ఒప్పందానికి రావడానికి మూడు వారాలు పట్టింది. అసలు పరీక్ష ఒక పూటలో ముగిసింది. ఈ తేడా గుర్తుంచుకోండి, ఎందుకంటే న్యాయం అన్యాయం తేలేది ఆ మూడు వారాల్లోనే.

ఒకేలాంటి ఐదు డబ్బాలు. ఒకదానిలో నీళ్ళు, మిగతా నాలుగింటిలో అంతే బరువుకు ఇసుక. నీళ్ళ డబ్బా ఏదో చెప్పాలి, మొత్తం 20 సార్లు. నోటికొచ్చినట్టు చెప్పినా సగటున 4 తగులుతాయి. ఎన్ని చెబితే గెలిచినట్టు అన్న దగ్గర నేను 11 అన్నాను. అదృష్టం కొద్దీ 11 లేదా అంతకన్నా ఎక్కువ తగిలే అవకాశం వెయ్యిలో ఒకటికన్నా తక్కువ. ఆయన నవ్వారు. "పదకొండేమిటి బాబూ, పద్దెనిమిదికి తగ్గితే నేనే ఒప్పుకోను" అన్నారు.

ముందు రోజు మాలో ఒకరిని ఆయన కుర్చీలో కూర్చోబెట్టి నమూనాగా ఒకసారి నడిపి చూశాం. ఆ మిత్రుడు ఆరింట ఐదు సరిగ్గా చెప్పేశాడు. చేతిలో లోలకం కూడా లేదు. అప్పుడే పట్టిన నీళ్ళు గదికన్నా చల్లగా ఉండటంతో ఆ డబ్బాకు చెమ్మ పట్టి, జరిపినప్పుడు బల్ల మీద సన్నటి తడి వలయం కనిపిస్తోంది. గమనించకపోయి ఉంటే పెద్దాయన కంటికీ అది ఆనేది, లోలకం ఊగేది, మేము డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం. ఆయనకు మోసం చేశానన్న అనుమానం కూడా కలిగేది కాదు. నీళ్ళనూ ఇసుకనూ రాత్రంతా అదే గదిలో ఉంచాం, బల్ల మీద ప్రతిసారీ పొడి గుడ్డ మార్చాం.

డబ్బాలు సర్దినవారు పరీక్ష జరిగే గదిలో ఉండకూడదన్నది ఇంకో షరతు. దీనికి పాత కథ ఒకటి ఉంది. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కూడికలు తీసివేతలకు డెక్కతో నేల తట్టి జవాబు చెప్పేది. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదని, ఎదుటివారి తల, ఒంటి కదలికలను చూసి అది తట్టడం ఆపుతోందని 1907లో మనస్తత్వవేత్త ఆస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చి చూపాడు. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాడు, ఆయనా మా పెద్దాయనలాంటివాడే.

పరీక్ష రోజు మొదట మూతలు తెరిచి పది సార్లు చేయించాం. పదికి పది. గదిలో ఏ ఆటంకమూ లేదని, లోలకం బాగా పనిచేస్తోందని ఆయన సంతకం పెట్టారు. తరువాత మూతలు పెట్టి 20 సార్లు. 5 సరిపోయాయి. నిశ్శబ్దంగా కాగితం వంక చాలాసేపు చూసి, "ఇసుకలో తేమ ఉండి ఉంటుంది" అన్నారు.

ఫలితం వచ్చాక కారణాలు వెతకడం ఆయన ఒక్కరి గుణం కాదు. 2009లో లండన్‌లో చనిపోయినవారితో మాట్లాడతానని చెప్పే పాట్రీషియా పుట్ అనే మీడియంను మనస్తత్వవేత్తలు రిచర్డ్ వైజ్‌మన్, క్రిస్ ఫ్రెంచ్ పరీక్షించారు. ముఖం, ఒళ్ళు కప్పుకున్న పదిమంది గురించి ఆమె వివరాలు రాయాలి. తనకు సరిపోయేది ఏదో ఆ పదిమందీ ఎంచుకోవాలి. ఐదుగురు సరిగ్గా ఎంచుకుంటే ఆమె గెలిచినట్టు. ఒక్కరూ ఎంచుకోలేదు. పద్ధతికి ముందే ఒప్పుకున్న ఆమె, మనుషులను అలా చుట్టి కూర్చోబెట్టడమే తప్పని ఆ తరువాత అన్నారు. మూతలు తెరిచి చేయించి సంతకం తీసుకోవాలని మేము పట్టుబట్టింది ఇందుకే. అయినా ఇసుక తేమ మాట రానే వచ్చింది.

ఇంతవరకూ అంతా నిర్వాహకుల గొప్పే చెప్పినట్టుంది. ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి చెబుతాను. ఇంటికి వచ్చి మళ్ళీ లెక్క వేశాను. నిజంగానే కొద్దిపాటి శక్తి ఉన్న మనిషి ఒకరు ఉన్నారనుకుందాం. యాదృచ్ఛికంగా 20 శాతం రావలసిన చోట 30 శాతం సరిగ్గా చెప్పగలరు. అదే నిజమైతే భౌతికశాస్త్రం తిరగరాయాలి. అంతటి మనిషి మా పరీక్షలో గెలిచే అవకాశం వందలో రెండుకు కాస్త తక్కువ! మా పరీక్ష 'పద్దెనిమిదికి తగ్గను' అన్నవారికి పూర్తిగా న్యాయమైనది. వారి మాట నిజమైతే తప్పకుండా గెలుస్తారు. 'అప్పుడప్పుడూ, కాస్త ఎక్కువగా తెలుస్తుంది' అనేవారికి మాత్రం అది దాదాపు మూసిన తలుపు.

పెద్ద సవాళ్ళలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ 1964లో సొంత డబ్బు 1,000 డాలర్లతో మొదలుపెట్టిన బహుమతి, 1996లో ఆయన ఫౌండేషన్ వచ్చాక 10 లక్షల డాలర్లయింది. దాని ప్రాథమిక పరీక్షలో సాధారణంగా అదృష్టంతో వెయ్యిలో ఒకసారే, తుది పరీక్షలో పది లక్షల్లో ఒకసారే వచ్చేంత ఫలితం కావలసి ఉండేది. అంత డబ్బు పందెం కాసినవారు అంత జాగ్రత్త పడటం సహజమే. వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చిన చోట హద్దు తక్కువగా ఉంటే ఎవరో ఒకరు అదృష్టంతోనే గెలిచిపోతారు. కానీ గాంజ్‌ఫెల్డ్ ప్రయోగాల సంగతి చూడండి. ఒకరు వేరే గదిలో బొమ్మ చూస్తుంటే, కళ్ళు కప్పుకుని కూర్చున్న ఇంకొకరు నాలుగు బొమ్మల్లో అదేదో చెప్పాలి. యాదృచ్ఛికంగా 25 శాతం రావాలి, 32 శాతం దాకా వస్తోందని సమర్థకులు అంటారు. నాకు ఆ అంకె మీద నమ్మకం లేదు. అయినా నిజమే అనుకుంటే, పది లక్షల్లో ఒకటి అనే హద్దు దాటడానికి 850కి పైగా సార్లు కూర్చోవాలి, అప్పటికీ గెలుపు ఓటములు సగం సగమే. నగదు సవాలు పెట్టినవారెవరూ అన్ని రోజులు గది తెరిచి ఉంచరు.

హద్దు గీయడంలో గొడవలు ఎలా వస్తాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2004లో నటాషా డెమ్‌కినా అనే రష్యన్ అమ్మాయి మనుషుల శరీరం లోపల చూడగలనని వచ్చింది. అందులో నగదు బహుమతి లేదు. ఏడుగురికి ఏడు ఆరోగ్య వివరాలు జతపరచాలి, ఐదు సరిపోతే తరువాతి దశ. నాలుగు సరిపోయాయి. అదృష్టంతో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ తగలడం సుమారు 55లో ఒకసారి జరుగుతుంది. నోబెల్ గ్రహీత బ్రయాన్ జోసెఫ్‌సన్ ఆ పరీక్షను గట్టిగా విమర్శించారు. నా దృష్టిలో ఐదు అని ఒప్పుకున్నాక నాలుగు వస్తే ఓడినట్టే. కానీ ఏడుగురితో, అదీ వారిని కళ్ళారా చూడనిచ్చి చేసిన పరీక్షలో ఆమె గెలిచినా నేను నమ్మేవాడిని కాను. గెలిచినా నమ్మలేని పరీక్షలో ఓడిపోయారని ఎవరినైనా వేలెత్తి చూపడం నాకు నచ్చదు.

పరీక్ష పెట్టేవారే డబ్బు పోగొట్టుకునేవారు కావడం ఇంకో లోపం. 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక 1922లో ప్రకటించిన బహుమతి కోసం 1924లో మార్జరీ అనే మీడియంను పరీక్షించినప్పుడు, ఆమెను కూర్చోబెట్టిన పెట్టెలో మడత కొలబద్ద ఒకటి దొరికింది. ఆమే తెచ్చుకుందని న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఇంద్రజాలికుడు హుడినీ, హుడినీయే పెట్టించాడని అవతలివారు. ఇద్దరిలో ఎవరినీ నమ్మనక్కర్లేని పద్ధతి లేకపోతే ఎంత డబ్బు పెట్టినా తేలేది అంతే. మా డబ్బాల విషయంలో తీర్పు చెప్పే మనిషే అక్కర్లేదు, మూత తీస్తే నీళ్ళో ఇసుకో కనిపిస్తుంది.

అలాగని ఇంద్రజాలికులను దూరం పెడితే జరిగేది కూడా చూశాం. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు 5 లక్షల డాలర్ల విరాళం వస్తే, 1979లో రాండీ ఇద్దరు కుర్ర గారడీవాళ్ళను మానసిక శక్తులున్నవారిగా అక్కడికి పంపాడు. చెంచాలు వంచుతూ వాళ్ళు చాలాకాలం శాస్త్రవేత్తలను నమ్మించారు. 1981లో జేమ్స్ హైడ్రిక్ అనే అతను తాకకుండా పుస్తకం పేజీలు తిప్పుతానంటే, రాండీ ఆ పుస్తకం చుట్టూ తేలికైన థర్మోకోల్ ముక్కలు చల్లించాడు. ఊదితే అవి ఎగురుతాయి. పేజీ కదలలేదు. టీవీ కెమెరాల ముందు 10,000 డాలర్ల బహుమతి తీసుకున్నవారు లేరు.

ఇక ఎవరూ గెలవకపోవడం గురించి. హేతువాది అబ్రహాం కోవూర్ 1963లో ప్రకటించిన లక్ష శ్రీలంక రూపాయల నుంచి 2015లో ముగిసిన రాండీ సవాలు దాకా ఆ డబ్బు అలాగే ఉండిపోయింది. కానీ ఇవి పరీక్షించింది వచ్చినవారిని మాత్రమే. పేరు, శిష్యులు, రాబడి ఉన్నవారు అటువైపు తొంగిచూడరు. ఓడితే పోయేది ఎక్కువ, గెలిస్తే వచ్చేది వారికి చిన్న మొత్తం. వచ్చేవారిలో ఎక్కువమంది మా పెద్దాయనలాంటివారు. అందుకే నేను 'బహుమతి ఎవరూ గెలవలేదు కదా' అనే వాదన వాడను. దానికన్నా 'మీరు సరిగ్గా ఏమి చేయగలరు, ఎన్నింట ఎన్ని' అని అడగడం మేలు. డబ్బు ఉందంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. మూడు వారాల్లో పెద్దాయన చేత మేము చెప్పించగలిగింది అదే.

ఆ రోజు డబ్బాలు సర్దేశాక, మూత తెరిచిన నీళ్ళ మీద కళ్ళు మూసుకుని లోలకం పట్టుకోమని ఆయనను అడిగాను. అది కాసేపు ఒక తీరూ తెన్నూ లేకుండా కదిలి దాదాపు ఆగిపోయింది. కళ్ళకు గంతలు కడితే లోలకం ఊగదని ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రొల్ 1833లోనే రాశాడు; చూపును బట్టి చెయ్యి మనకు తెలియకుండానే కదులుతుంది. ఈ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. దారాన్ని ఇత్తడి గుండు చుట్టూ చుట్టి జేబులో వేసుకున్నారు.

రెండు నెలల తరువాత ఫోను చేశారు. ఇసుకను ఎండబెట్టి మళ్ళీ చేద్దామా అని అడిగారు. చేద్దామన్నాను, ఎండబెట్టే పని ఆయన కళ్ళెదుటే చేస్తామని కూడా చెప్పాను. ఎన్ని రావాలని అడిగితే, పోయినసారి ఎన్నో ఇప్పుడూ అన్నే, 11 అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.