స్టేడియం టర్ఫ్‌లో కెరీర్: గడ్డి కన్నా ముందు మట్టి నేర్చుకోండి

ప్రశ్న: బీఎస్సీ హార్టికల్చర్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఫుట్‌బాల్, క్రికెట్, అథ్లెటిక్స్ అన్నీ జరిగే స్టేడియాల్లో టర్ఫ్ గ్రౌండ్ తయారుచేసే పనిలోకి వెళ్లాలని ఉంది. ఫ్రెండ్స్ మాత్రం "అది సివిల్ ఇంజినీర్ల పని, నీకు నీళ్లు పట్టడమే మిగులుతుంది" అంటున్నారు. ఇంట్లో కూడా టెన్షన్ పడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. నేల చదును చేయడం, డ్రైనేజీ గొట్టాలు వేయడం, లేజర్‌తో వాలు సరిచూడడం సివిల్ వాళ్ల పనే. కానీ ఏ ఇసుక వేయాలి, ఎంత మందాన వేయాలి, అందులో వేరు ఎంత లోతుకు దిగుతుంది అన్నది గడ్డి తెలిసినవాళ్లే చెప్పాలి. ఈ ఇద్దరి భాషా తెలిసిన మనిషి లేకే కొన్ని కొత్త గ్రౌండ్లు మొదటి పెద్ద వానకే చెరువులవుతాయి. ఆ లోటు మీరు పూడ్చగలిగితే మీకు పని ఉంటుంది.

ఇక నీళ్లు పట్టే పని సంగతి. 1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో డెట్రాయిట్ దగ్గరి సిల్వర్‌డోమ్‌లో, అంటే పైకప్పు మూసి ఉన్న స్టేడియంలో, అసలు గడ్డి మీద మ్యాచ్‌లు జరిగాయి. ఆరు మూలలున్న (షడ్భుజి ఆకారపు) పెట్టెల్లో బయట గడ్డి పెంచి, లోపలికి తెచ్చి పక్కపక్కన అమర్చారు. ఆ పని చేసింది మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ టర్ఫ్ నిపుణులు. 2026 ప్రపంచ కప్ పిచ్‌ల పరిశోధన కూడా ఆ యూనివర్సిటీకి, టెనెస్సీ యూనివర్సిటీకి అప్పగించారు. ఇంట్లో ఈ సంగతి చెప్పి చూడండి.

ఒక్క ఆటకే అయితే గ్రౌండ్ తయారీ కాస్త తేలిక. అన్ని ఆటలూ అన్నప్పుడే అసలు పేచీ. ఫుట్‌బాల్‌కు నీరు చకచకా ఇంకే ఇసుక నేల కావాలి. క్రికెట్ పిచ్‌కు రోలర్ కింద గట్టిపడే బంకమన్ను కావాలి. 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం నడుమ అలాంటి గట్టి పట్టీలు వస్తే ఆటగాడి మోకాలికి ముప్పు. హ్యామర్ త్రో జరిగిన రోజు గడ్డిలో ఎన్ని గుంటలు పడతాయో చూస్తేగానీ నమ్మలేం. మెల్‌బోర్న్, అడిలైడ్ మైదానాల్లో క్రికెట్ పిచ్‌ను విడిగా ట్రేలో తయారుచేసి సీజన్‌కు దించుతారు, అయ్యాక తీసేస్తారు. ఆ దారి అందరి బడ్జెట్‌కూ అందదు. హాకీ కూడా అదే గడ్డి మీద కావాలని ఎవరైనా అడిగితే కుదరదని మొహమాటం లేకుండా చెప్పండి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద స్థాయి హాకీ కృత్రిమ టర్ఫ్ మీదే ఆడుతున్నారు.

ఇప్పుడు నేర్చుకోవాల్సినవి. మొదటిది మట్టి, రెండోది నీరు, గడ్డి మూడోది. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దానిపై 30 సెంటీమీటర్ల ఇసుక వేస్తారు. ఇసుక అడుగు భాగం నీటితో పూర్తిగా నిండేదాకా నీరు కంకరలోకి దిగదు. అందుకే మామూలు రోజుల్లో వేళ్లకు తడి నిలుస్తుంది, భారీ వాన పడితే మిగులు నీరు జారిపోతుంది. ఈ ఒక్క సూత్రం అర్థమైతే ఇసుక రేణువు సైజు గురించి టెండర్లలో అంత పట్టుబట్టడం ఎందుకో తెలుస్తుంది. ఇంకో సంగతి: ఇంత జాగ్రత్తగా ఇసుక వేసి, దాని మీద బంకనేలలో పెరిగిన గడ్డి చాపలు పరిచేస్తే పైనే ఒక బంక పొర ఏర్పడి నీటిని అడ్డుకుంటుంది. నర్సరీలో ఆ గడ్డిని ఏ మట్టిలో పెంచారో ముందే అడగాలి.

ఇప్పుడే, మీ కాలేజీ గ్రౌండ్‌లోనే ఒక పరీక్ష చేయండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు ఇనుప రింగులు ఒకదానిలో ఒకటి వచ్చేలా నేలలోకి దిగ్గొట్టండి. రెంటిలోనూ నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంతసేపటికి ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో రాసుకోండి. బయటి రింగు నీళ్లు లోపలి నీరు పక్కలకు పోకుండా కాస్తాయి. గోల్‌పోస్ట్ ముందు ఒకసారి, మూల జెండా దగ్గర ఒకసారి చేస్తే కాళ్లు తొక్కిన నేలకూ తొక్కని నేలకూ తేడా అంకెల్లో కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో మీ సర్టిఫికెట్ కన్నా ఈ నోట్‌బుక్కే ఎక్కువ పలుకుతుంది.

పీజీ చేయాలనుకుంటే టర్ఫ్ సైన్స్ గానీ సాయిల్ సైన్స్ గానీ తీసుకోండి. సర్వేయింగ్, డ్రాయింగ్ చదవడం షార్ట్ కోర్సుతో సరిపోతుంది. కానీ నా మాట వింటే నేరుగా నిర్మాణ కంపెనీలో చేరకండి. కాంట్రాక్టర్ గ్రౌండ్ అప్పజెప్పి వెళ్లిపోతాడు, దాని లోపాలతో ఏళ్ల తరబడి వేగేది క్యూరేటర్ (పిచ్, మైదానం బాగోగులు చూసే మనిషి), గ్రౌండ్ స్టాఫ్. కనీసం ఏడాది వాళ్ల దగ్గర పనిచేసి కోత, రోలింగ్, నేలకు గాలి ఆడేలా రంధ్రాలు పొడవడం, పైన ఇసుక చల్లడం చేత్తో చేసి నేర్చుకోండి. జీతం తక్కువే, ఎండ ఎక్కువ, మ్యాచ్ రోజుల్లో సెలవు ఉండదు. తర్వాత డిజైన్ వైపు వస్తే, ఏ గొట్టం ఎక్కడ పూడుకుపోతుందో మీకు కాగితం మీదే కనిపిస్తుంది.

ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు మ్యాచ్‌లు జోరుగా జరిగే నెలలు కోరకండి. వానలు పడే నెలలో గానీ, ఒక ఆట సీజన్ ముగిసి ఇంకో ఆటకు గ్రౌండ్ మార్చే వారాల్లో గానీ రానివ్వమని అడగండి.