కార్డు బిల్లు మీ అక్క చేతికి ఎందుకు వెళ్లింది?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. నాకు 41, మా ఆవిడకు 36. ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు తను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. 2015లో ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫోన్‌లో ‘కిమ్ కర్దాషియన్: హాలీవుడ్’ అనే ఆట మొదలుపెట్టింది. మామూలు అమ్మాయి మెల్లమెల్లగా పెద్ద సెలబ్రిటీ అయ్యే ఆట అది. తొమ్మిదేళ్లు ఆడుతూనే ఉంది. 2024 ఏప్రిల్ 8న కంపెనీవాళ్లు దాన్ని మూసేశారు. ఆ రోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. తర్వాత వారం పాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడే మా అక్క మా టాక్స్ ఫైలింగ్ పని చూస్తూ కార్డు స్టేట్‌మెంట్లలో 4.99, 9.99 డాలర్ల చొప్పున ఉన్న ఎంట్రీలు పట్టుకుంది. పాతవి కూడా తీస్తే మొత్తం 1,900 డాలర్ల దాకా తేలింది. ఆటలో తన బొమ్మకు పెళ్లికి ముందున్న ఇంటిపేరు పెట్టుకుంది. బొమ్మ మగవాళ్లతో డేటింగ్ కూడా చేసేదట. ఇది గేమింగ్ డిజార్డర్ అనీ, డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పిందనీ, సైకియాట్రిస్టుకు చూపించమనీ అక్క అంటోంది. వంట, పిల్లల స్కూలు, తెలుగు క్లాసు మాత్రం ఎప్పుడూ మానలేదు. నాకు ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, 2018లోనే అప్రూవ్ అయింది. పిల్లలు చిన్నవాళ్లని తనకు ఈఏడీ (పని అనుమతి కార్డు) పెట్టలేదు, డేకేర్ ఖర్చు చూస్తే గిట్టుబాటు కాదని అక్క కూడా అంది. ఎమ్మెస్ చదివించి నన్ను ఈ దేశం తీసుకొచ్చింది అక్కే. ఇది జబ్బేనా? ఆ డబ్బు వెనక్కి వస్తుందా? మళ్లీ ఇలాంటి ఆట పట్టుకోకుండా ఏం చేయాలి?

జవాబు: డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. రాదు. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆపిల్ కంపెనీ చేత కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ చేత కనీసం 1.9 కోట్ల డాలర్లు జనానికి వాపసు ఇప్పించిన మాట నిజమే. అవి పెద్దవాళ్లకు తెలియకుండా పిల్లలు ఫోన్లలో కొనేసిన వాటికి. మీ ఆవిడ పిల్ల కాదు. లెక్కల లెక్చరర్‌గా చేసిన మనిషి, ఏం కొంటున్నారో తెలిసే కొన్నారు. మీరు చెప్పిన 1,900ని తొమ్మిదేళ్లకు పంచి చూడండి, నెలకు 18 డాలర్లు కూడా పడదు. మీ సొంత సరదాలకు నెలకెంత అవుతుందో ఉత్తరంలో రాయలేదు. ఆ స్టేట్‌మెంట్లలోనే అదీ ఉంటుంది కదా, మీ అక్కగారు ఆ వరసలు కూడా కూడారా?

జబ్బు సంగతి. డబ్ల్యూహెచ్‌ఓ తన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. కానీ ఆ పేరు ఎవరికి పడితే వాళ్లకు తగిలించేది కాదు. ఆట మీద అదుపు తప్పాలి, తిండీ పనీ మనుషులూ అన్నీ దాని తర్వాతే అయిపోవాలి, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవాలి, అదంతా మామూలుగా ఏడాది పాటు సాగాలి. వంట ఆగలేదు, పిల్లల బడి ఆగలేదు, తెలుగు క్లాసు ఆగలేదు అని మీరే రాశారు. ఇష్టమైనది పోతే మనిషి ఏడుస్తాడు, అంతే. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం ఇంకా సాగుతున్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అపాయింట్‌మెంట్ ఆవిడే తీసుకోవాలి, లోపలికి ఆవిడొక్కరే వెళ్లాలి. మీ అక్కగారు వెయిటింగ్ హాలులో కూడా ఉండకూడదు.

బొమ్మ డేటింగ్ గురించి మీరు నిజంగా బాధపడుతున్నారా, అక్కగారు బాధపడాలన్నారు కాబట్టి బాధపడుతున్నారా? ఆ ఆటలో డేట్‌కు వెళ్తే పాయింట్లు వస్తాయి. పట్టించుకోకపోతే ఎదుటి బొమ్మ అలిగి వెళ్లిపోతుంది, అభిమానులు తగ్గుతారు. దాని గురించి ఇంతకంటే మాట్లాడడానికేం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు మూడు ప్రశ్నలడిగారు. నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను: మీ ఇంటి కార్డు బిల్లు మీ అక్కగారి చేతికి ఎందుకు వెళ్లింది? టాక్స్ పనికి మీ కంపెనీ ఇచ్చే జీతం కాగితాలు డబ్ల్యూ-2లు, బ్యాంకు వడ్డీ కాగితాలు, ఇల్లుంటే దాని కాగితాలు చాలు. మీరు జీతగాడు. భార్య ఫోన్‌లో ఖర్చు పెట్టిన 4.99తో ఏ టాక్స్ ఫారానికీ పనిలేదు. పైగా ‘పాతవి కూడా తీస్తే’ అని రాశారు. తొమ్మిదేళ్ల స్టేట్‌మెంట్లు ఎవరు తీశారు? పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. జబ్బు పేరు చెప్పింది అక్క, లెక్క తేల్చింది అక్క, ఈఏడీ గిట్టదన్నది అక్క, సైకియాట్రిస్టు సలహా అక్కది. మీ ఆవిడ అన్న మాట ఒక్కటి కూడా అందులో లేదు. ఎందుకు ఏడ్చావని అడిగారా? అడిగి ఉంటే రాసేవారు.

ఆ ఆట ఏమిటో కాస్త తెలుసుకున్నాను. మీరూ తెలుసుకుని ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. 2014 జూన్‌లో వచ్చింది, గ్లూ మొబైల్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీ తయారుచేసింది. మొదట్లో మన బొమ్మ లాస్ ఏంజెలెస్‌లో ఒక బట్టల షాపులో పనిచేసే అమ్మాయి. షాపు మూసే వేళకు అమెరికా టీవీ సెలబ్రిటీ కిమ్ కర్దాషియన్ వస్తుంది. ఆమెకు సాయం చేస్తే ఫొటోషూట్‌కు పిలుస్తుంది. అక్కణ్నుంచి ఒక మేనేజరు కుదురుతాడు, పబ్లిసిటీ చూసే మనిషి దొరుకుతుంది, ఒక్కో పనీ చేసుకుంటూ అట్టడుగున ఉండే ఈ-లిస్ట్ నుంచి ఏ-లిస్ట్ దాకా ఎక్కాలి. మోడలింగ్ పనో, షూటింగో ఏదైనా గడువులోపల పూర్తిచేయాలి, ఎంత బాగా చేశామో చివర్లో నక్షత్రాలు చూపిస్తారు, దాన్నిబట్టి డబ్బూ అభిమానులూ వస్తారు. పని చేయడానికి మెరుపు గుర్తుతో ‘ఎనర్జీ’ ఉంటుంది. అది అయిపోతే కొద్ది నిమిషాలకొకటి చొప్పున మళ్లీ నిండేదాకా కాచుకోవాలి, లేదా డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. మీ అక్కగారు పట్టుకున్న 4.99లు ఇవే అయ్యుంటాయి.

ఇది జేబులోంచి డబ్బు లాగడానికి తెలివిగా అల్లిన వ్యాపారమే, అందులో నాకేం సందేహం లేదు. 2016లో ఫోర్బ్స్ పత్రిక కిమ్‌ను ముఖచిత్రంగా వేసింది కూడా ఈ ఆట సంపాదన చూసే. అప్పటికి 16 కోట్ల డాలర్ల వ్యాపారం జరిగిందని రాసింది. 2024 జనవరిలో కొనుగోళ్లు ఆపేసి, ఏప్రిల్‌లో తాళం వేసేసరికి ఆడినవాళ్ల ఇళ్లూ బట్టలూ స్థాయీ అన్నీ ఒక్కరోజులో పోయాయి. అలాంటి వాటి మీద డబ్బు పెట్టొద్దని మీ ఆవిడకు నేనూ చెబుతాను, ఆవిడ అడిగితే.

కానీ ఆ బొమ్మ రోజూ చేసే పనేమిటో చూశారా? ఉద్యోగం. పిలుపు వస్తుంది, టైముకు వెళ్తుంది, చేస్తుంది, బాగా చేశావని ఎవరో అంటారు, డబ్బు చేతికొస్తుంది, ఆ డబ్బుతో తనకు నచ్చింది కొనుక్కుంటుంది, ఎవరికీ లెక్క చెప్పదు. క్లాసులో అరవై మంది ముందు నిలబడి ఇంటిగ్రేషన్ చెప్పిన మనిషి, ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి ఇంట్లో కూర్చుంది. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఈఏడీ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా రాదు, అది లేకపోతే సొంత పేరుతో క్రెడిట్ కార్డు దొరకడం కష్టం. మీ కార్డుకు రెండో పేరుగా ఉండాలి, ఆ కార్డు మీద గీసిన ప్రతి గీతా ఆడపడుచు చూడాలి! ఇన్నేళ్లలో ఆవిడకు ఉద్యోగమంటూ ఉన్నది ఆ ఫోన్‌లోనే. అక్కడ తను పుట్టింటి పేరు పెట్టుకున్నారని మీరు జబ్బుకు సాక్ష్యంగా రాశారు. కాలేజీ హాజరు పట్టీల మీద సంతకం పెట్టిన పేరు అదే అయ్యుంటుంది, అడిగి చూడండి.

ఈ పరిస్థితి తప్పనిసరైతే నేనిలా రాయను. మీ విషయంలో తప్పనిసరి కాదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాలో ఉన్నవాళ్లకు ఐ-140 అప్రూవ్ అయితే వాళ్ల భార్యకో భర్తకో పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే 26 నుంచి అమల్లో ఉంది. మీకు 2018లోనే అర్హత వచ్చింది. ఐ-765 అనే ఫారం నింపి పంపాలి. ముందుగా ఏ కంపెనీ ఉద్యోగమూ చూపించక్కర్లేదు. కార్డు వచ్చాక ఎక్కడైనా చేయొచ్చు, ఇంట్లో నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పుకున్నా చెల్లుతుంది. ఆరేళ్లుగా ఆ కాగితం పంపకుండా కూర్చున్నారు. డేకేర్ ఖర్చుతో పోలిస్తే గిట్టదన్నారు సరే, డేకేర్ ఖర్చు ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేయాలి? మీ జీతంలోంచి ఎందుకు తీయరు? పిల్లలు ఇద్దరివీ కదా. మన ఇళ్లల్లో ఈ లెక్క వేసేవాళ్లందరూ ఇలాగే వేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

మీ అక్కగారి సంగతి. ఆవిడ చెడ్డమనిషని నేననను. తమ్ముణ్ని చదివించి, దేశం కాని దేశంలో నిలబెట్టిన ఆడపిల్ల, ఆవిడంటే నాకు గౌరవమే. ఆ ఋణం మీరు తప్పకుండా తీర్చుకోవాలి. ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టి వెళ్లండి. డబ్బు అవసరమైతే అడక్కముందే ఇవ్వండి. కానీ ఆ ఋణం మీది. మీరు తీసుకున్న అప్పుకు వడ్డీ మీ ఆవిడ చేత కట్టిస్తున్నారు, తొమ్మిదేళ్లుగా. ఆవిడ ఏ రోజైనా కాదన్నారా? అనలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. మన ఆడపిల్లలకు వదినగారి మాట కాదనకూడదని పుట్టింట్లోనే నేర్పి పంపుతారు, ఆవిడ నోరు మూసుకుని ఫోన్ పట్టుకున్నారు.

ఇప్పుడేం చేయాలంటే, ముందు బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. ఇవాళే. మార్చానని అక్కగారికి మీరే చెప్పండి, ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్లి. ‘అక్కా, ఇకనుంచి మా టాక్స్ మేమే చూసుకుంటాం’ అంటే చాలు. కారణం మీ ఆవిడ అని మాత్రం పొరపాటున కూడా అనకండి. ‘మా ఆవిడకు ఇష్టం లేదు’ అనే మాట వెనక దాక్కునే మగవాళ్లను చాలామందిని చూశాను. నిర్ణయం నాదే అనండి. అక్కగారు నొచ్చుకుంటారు, నాలుగు రోజులు మాట్లాడరేమో. పండక్కి చీర పట్టుకుని వెళ్లండి, మెత్తబడతారు.

మీ ఆవిడకు క్షమాపణ చెప్పండి. ఆట గురించి కాదు. ఆవిడ కొనుక్కున్నవన్నీ వరసగా కూడి ఇంకో మనిషి ముందు పెట్టినందుకు. ప్రసంగం అక్కర్లేదు, రెండు ముక్కలు చాలు. ఆ తర్వాత ఆ ఆట ఎలా ఉండేదో చెప్పమని అడిగి, మధ్యలో ఫోన్ చూసుకోకుండా వినండి. తన బొమ్మ ఏ లిస్టు దాకా వెళ్లిందో మీకు తెలియదని పందెం కాస్తాను.

నెలనెలా ఆవిడ పేరుతో కొంత డబ్బు వేరే ఖాతాలో వేయండి. ఎంత వేయాలో ఇద్దరూ కూర్చుని అనుకోండి, వేశాక దాని లెక్క అడగొద్దు. అందులోంచి ఇంకో ఆట కొనుక్కుంటే కొనుక్కుంటారు. ‘మళ్లీ పట్టుకోకుండా ఏం చేయాలి’ అన్న మీ మూడో ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు లేదు.

ఐ-765 మీరు నింపి సంతకం పెట్టమని ఆవిడ ముందు పెట్టకండి. అది ఆవిడ దరఖాస్తు, ఆవిడ నింపుతారు. మీరు చేయాల్సిందల్లా మీ ఐ-140 అప్రూవల్ నోటీసు, హెచ్-1బీ కాగితాలు, మ్యారేజ్ సర్టిఫికెట్ బయటికి తీసి ఇవ్వడం. అక్కడి ప్రభుత్వ బడిలో టీచరవ్వాలంటే రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, మన డిగ్రీలు అక్కడి లెక్క ప్రకారం దేనికి సమానమో చూపించుకోవాలి, దానికి టైం పడుతుంది. ఆవిడకు ఇప్పుడు బోధన మీద మనసు ఉందో లేదో కూడా మనకు తెలియదు. అసలు ఉద్యోగమే వద్దంటే అదీ ఆవిడ ఇష్టమే, కార్డు మాత్రం చేతిలో ఉండాలి.

ఇంకొకటి. మీది జాయింట్ టాక్స్ రిటర్న్ అయ్యుంటుంది. దాని మీద భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి, కాబట్టి ఏటా ఆవిడా పెడుతూనే ఉన్నారన్నమాట. ఈ ఏడాది పంపిన కాపీ అక్కగారి దగ్గర్నుంచి తెప్పించి, మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవండి. అర్థం కానిచోట ఆవిడనే అడగండి, లెక్కలు మీకంటే ఆవిడకే బాగా వచ్చు.