తారల వేడి లెక్కకు కూర్చునేముందు

చిరంజీవి అమ్మాయికి,

రెండు న్యూట్రాన్ తారలు (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే చిన్న, అతి సాంద్రమైన తారలు) ఢీకొన్నప్పుడు వేడి ఎటు పోతుందో లెక్కగట్టే పని తలకెత్తుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కోడ్ మొదలుపెట్టేముందు ఈ బాబాయి మాట కాస్త విను.

వేడి ఎలా పాకుతుందో చెప్పే ఫోరియే 1822 నాటి సూత్రాన్ని ఉన్నదున్నట్టు పెట్టేయకు. దాని ప్రకారం ఇక్కడ వేడి తగిలిన క్షణానే ఎంత దూరానైనా పిసరంత తగులుతుంది. పొయ్యి మీది గరిటెకైతే ఫర్వాలేదు. కాంతిని మించి ఏదీ పోకూడదన్న చోట కుదరదు.

ఆ సూత్రాన్నే ఐన్‌స్టీన్ సాపేక్షతకు తగ్గట్టు 1940లో ఎకార్ట్ రాసిన రూపం చూడముచ్చటగా ఉంటుంది. నేనూ దానికే పడిపోయాను. మూడు వారాలపాటు, రన్ చేసినప్పుడల్లా అంకెలు పేలిపోయేవి. టైమ్ స్టెప్ సగం చేశాను, గ్రిడ్ మార్చాను, కంపైలర్‌ని తిట్టాను. తప్పు నా కోడ్‌లో కాదు, సమీకరణంలోనే ఉంది. 1985లో హిస్కాక్, లిండ్‌బ్లామ్ ఆ సంగతి తేల్చేశారు: ఆ సిద్ధాంతమే నిజమైతే గదిలో గ్లాసుడు నీళ్లు కూడా 10⁻³⁴ సెకన్ల లెక్కన అదుపు తప్పాలి!

అందుకే ఇజ్రాయెల్, స్టూవర్ట్ 1979లో చూపిన దారిలో వెళ్లు. ఉష్ణోగ్రత తేడా రాగానే వేడి పరుగెత్తదు, సర్దుకోవడానికి దానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిని మరీ తగ్గించావో, వేడి వేగం మళ్లీ కాంతిని దాటుతుంది. (ఒంటరి తార ఏళ్ల తరబడి చల్లబడే లెక్కకు ఇంత హంగామా అక్కర్లేదు.)

అలాగని ఎకార్ట్‌ని పూర్తిగా పారేయకు. సమీకరణంలో ఆయన చేర్చిన త్వరణం పదం (term) బంగారం. వేడికీ బరువుంటుంది కదా, గురుత్వంలో నిలకడ అంటే అంతటా ఒకే ఉష్ణోగ్రత కాదు, లోపలికి వెళ్లేకొద్దీ ఎక్కువ ఉండాలి. 1930లోనే టోల్మన్ చెప్పాడిది. కాబట్టి ముందు కదలని తార ఒకటి తీసుకో. సూర్యుడికి 1.4 రెట్ల ద్రవ్యరాశి, 12 కిలోమీటర్ల వ్యాసార్ధం చాలు. ఉపరితలం దగ్గరే, గురుత్వం వల్ల ఉష్ణోగ్రతకు వేయాల్సిన ఆ సవరణ గుణకం 0.81 దాకా వస్తుంది. లోపలా బయటా ఒకే ఉష్ణోగ్రత ఇచ్చి వదులు. వేడి కేంద్రం వైపు కదలాలి. కదలకపోతే ఆ పదం ఎక్కడో జారిపోయినట్టే.

తర్వాత ప్రశాంతంగా ఉన్న అదే ద్రవాన్ని కాంతి వేగంలో 0.9 వంతుతో పరుగెత్తించు. నిలబడి ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, పరుగులో పేలిపోయే సమీకరణాలు చాలానే ఉన్నాయి. ఆ పరుగులో ఏమైందో చూపే గ్రాఫ్ మాత్రం మీ గైడ్‌కి చూపించేముందు నాకు పంపు.

మీ బాబాయి