జనవరి ఫెజెంట్ వేట: లైసెన్సు నుంచి పులుసు దాకా

బెంగళూరు నుంచి ప్రాజెక్టు పని మీదో, పిల్లల దగ్గరికనో చలికాలంలో అమెరికా వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు సౌత్ డకోటా రాష్ట్రంలో సీజన్ చివర జరిగే ఫెజెంట్ వేట గురించి రాశారు. పొడవాటి తోక, మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉన్న అడవికోడి లాంటి పక్షి ఇది. ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ ఉన్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆరు వారాల పనికి మినియాపొలిస్ పంపుతున్నారు. జనవరిలో అక్కడి టీమ్‌వాళ్లు సౌత్ డకోటాకు వేటకు వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. నాది బి-1 వీసా. తుపాకీ పట్టుకోవచ్చా? ముందుగా షూటింగ్ రేంజ్‌లో సాధన చేయవచ్చా?

జవాబు: ముందు కాగితాలు, ఆ తర్వాతే తుపాకీ. బి-1, ఎఫ్-1, హెచ్-1బి, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తోటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మీలాంటివారికి ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది జేబులో లేకుండా స్నేహితుడి తుపాకీని ‘ఒక్కసారి చూస్తాను’ అని అందుకోవడం కూడా ప్రమాదమే. అక్కడివాళ్లలో చాలామందికి ఈ నియమం తెలియదు. వాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు కాబట్టి ‘ఏం కాదులే, పట్టుకో’ అంటారు. నష్టపోయేది మీ వీసా. బయలుదేరే ముందే మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడగండి.

బయటి రాష్ట్రాలవారికి, విదేశీయులకు సౌత్ డకోటా ఇచ్చే స్మాల్ గేమ్ (ఫెజెంట్ లాంటి చిన్న వేట) లైసెన్సు రెండు విడతల్లో చెల్లుతుంది. ఒక్కో విడతకు వరుసగా ఐదు రోజులు. ఏ తేదీలన్నది కొనేటప్పుడే చెప్పాలి. దానితోపాటు హాబిటాట్ స్టాంప్ (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుము) కూడా తీసుకోవాలి. రెండూ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. రేంజ్‌లో సాధన చేయాలంటే లైసెన్సు చెల్లే రోజుల్లోనే పెట్టుకోండి. వేట మొదలయ్యేది పది గంటలకు కాబట్టి మొదటి రోజు పొద్దున్నే రేంజ్‌లో గాల్లోకి విసిరే మట్టి పళ్లేల మీద ఓ యాభై తోటాలు కాల్చే తీరిక ఉంటుంది. మినియాపొలిస్ ఉన్న మినెసోటాలో కూడా వేటాడాలనుకుంటే ఇంకో మెలిక ఉంది. 1979 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవారికి అక్కడ తుపాకీ భద్రత సర్టిఫికెట్ అడుగుతారు. సౌత్ డకోటాలో పెద్దవాళ్లకు ఆ షరతు లేదు.

మిగతా నిబంధనలు తేలికే. సీజన్ అక్టోబర్ మూడో శనివారం నుంచి జనవరి 31 వరకు. రోజూ సెంట్రల్ టైమ్ ప్రకారం ఉదయం 10 నుంచి సూర్యాస్తమయం వరకు. మనిషికి రోజుకు 3 పుంజులు. పెట్టను కొట్టకూడదు. ఇక్కడినుంచి తుపాకీ తీసుకెళ్లే ఆలోచన మాత్రం మానుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో ఉంటాడు. కిందటి డిసెంబర్‌లో మ్యాపు చూసుకుని పబ్లిక్ భూముల్లో రెండు రోజులు తిరిగాం. పక్షులున్నాయి గానీ రెండు వందల గజాల దూరంలోనే లేచిపోయాయి. ఒక్కటీ దొరకలేదు. మళ్లీ వెళ్తున్నాం. తప్పు ఎక్కడ? – హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పు బహుశా కారు తలుపు దగ్గరే మొదలై ఉంటుంది. అక్టోబర్‌లో ఉన్న అమాయకపు పిల్లపుంజులు డిసెంబర్ నాటికి మిగలవు. మిగిలినవి రెండు నెలలుగా మనుషుల్ని, కుక్కల్ని చూసి చూసి రాటుదేలినవి. తలుపు ధడాలున వేసిన చప్పుడు, కుక్కను పిలిచే కేక, మెడలో గంట వినగానే నడక మొదలుపెడతాయి. మీరు ఈ అంచున అడుగు పెట్టేసరికి అవి ఆ అంచున రెక్కలు విప్పుతాయి. కారును నాలుగైదు వందల గజాల దూరంలో ఆపండి. తలుపును చేత్తో నొక్కి మూయండి. ఎవరు ఎటు వెళ్లాలో ముందే బసలోనే మాట్లాడుకుని రండి. దిగాక సైగలే.

రెండో సంగతి, అందరూ లోపలికి వెళ్లే చోటు నుంచి వెళ్లకండి. పార్కింగ్ స్థలం నుంచి తిన్నగా లోపలికి వెళ్లే అడుగుల బాట ప్రతి పబ్లిక్ భూమిలోనూ కనిపిస్తుంది. పుంజులకూ ఆ బాట తెలుసు. చుట్టూ తిరిగి వెనక మూల నుంచి, గాలి మీ ముఖానికి తగిలేలా ప్రవేశించండి. చప్పుడు వాటి వైపు పోదు, కుక్కకు వాసన అందుతుంది. ముగ్గురుంటే ఒకరు ముందుగా చుట్టు తిరిగి చివరి అంచున కదలకుండా నిలబడాలి. మిగతా ఇద్దరూ నెమ్మదిగా అదిలిస్తూ రావాలి. ఎదురెదురు వస్తారు కాబట్టి తక్కువ ఎత్తులో లేచిన పక్షిని ఎవరూ కాల్చకూడదు. పక్షి వెనక ఆకాశం కనబడితేనే తుపాకీ ఎత్తాలి. చట్టం అడిగినా అడగకపోయినా అందరికీ నారింజ రంగు టోపీ, పైకోటు ఉండాలి.

నడక విషయంలో కొత్తవాళ్లంతా చేసే పొరపాటు ఒకటుంది. చలికి వణుకుతూ గబగబా నడిచేస్తారు. దాక్కున్న పుంజు మీరు దాటిపోయేదాకా గడ్డిలో అలాగే కూర్చుంటుంది. ఇరవై అడుగులు వేసి ఆగండి. అర నిమిషం కదలకండి. తనను చూశారేమోనని దానికి బెదురు పుడుతుంది, అప్పుడు లేస్తుంది. గడ్డి సన్నబడే చోట, కంచె మూలల్లో, పొద చివర్లో ఇంకాస్త ఎక్కువసేపు ఆగండి.

ఇక ఎక్కడ వెతకాలి? జనవరిలో పక్షులకు కావలసినవి రెండే: గాలి తగలని దాపు, దాని పక్కనే తిండి. మడుగుల్లో మనిషెత్తు పెరిగిన జమ్ము మంచి దాపు. చుట్టూ గడ్డి పలచగా ఉండి మంచు కింద అణిగిపోయినా జమ్ము నిలబడే ఉంటుంది. అక్టోబర్‌లో నీళ్లలో ఉండి అందని జమ్ము జనవరిలో నీరు గడ్డకట్టాక నడవడానికి వీలవుతుంది. పక్కన మొక్కజొన్న కొయ్యకాళ్లున్న చేను ఉంటే ఇంకేం కావాలి. పొద్దున చేలోకి పోతాయి. మధ్యాహ్నం గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరసల కింద, పొదల్లో ఉంటాయి. సాయంత్రం మళ్లీ జమ్ములోకి చేరతాయి. అక్కడ డిసెంబర్ చివర ఐదు గంటల లోపే పొద్దు గుంకుతుంది. ఆ చివరి గంటను మీ దగ్గరున్న అన్నిటికన్నా మంచి జమ్ము మడుగు కోసం దాచుకోండి. రోజంతా దాన్ని తొక్కకండి.

కొత్త మంచు పడిన మర్నాడు వదులుకోకూడని రోజు. అడుగులు స్పష్టంగా పడతాయి. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి, మగపక్షి అయితే తోక ఈడ్చిన గీత కూడా కనిపించవచ్చు. మెత్తని మంచు మీ అడుగు చప్పుడు మింగేస్తుంది, పక్షి దగ్గరిదాకా రానిస్తుంది. అదే మంచు వారం రోజులకు పెచ్చు కట్టి అప్పడంలా విరుగుతుంటే మైలు దూరం వినిపిస్తుంది. అలాంటి రోజు జమ్ము కన్నా చెట్ల వరసలు నయం.

మొదటి పుంజు దొరకగానే మెడ కింద ఉండే తిండి సంచిని చాకుతో కోసి చూడండి. పసుపు పచ్చని మొక్కజొన్న గింజలు నిండుగా ఉంటే దగ్గర్లో కోసిన చేను చుట్టూ వెతకండి. సోయా ఉంటే ఆ చేను. సన్నని గడ్డి గింజలే ఉంటే అవి జమ్ము వదిలి దూరం పోవడం లేదని అర్థం. ఏ మ్యాపూ ఈ సంగతి చెప్పదు.

భూముల మాట. రాష్ట్రానివి గేమ్ ప్రొడక్షన్ ఏరియాలు. ఫెడరల్ ప్రభుత్వానివి వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాలు. వాక్-ఇన్ ఏరియాలంటే రైతుల సొంత భూములు, వేటగాళ్ల కోసం రాష్ట్రం కౌలుకు తీసుకున్నవి. పేరుకు తగ్గట్టు వాటిలోకి కాలినడకనే వెళ్లాలి. రాష్ట్ర శాఖ మ్యాపును ఫోన్‌లో దించుకోండి, పల్లెల్లో సిగ్నల్ దొరకదు. ఒక్క రోజుకు ఆరేడు చోట్లు గుర్తుపెట్టుకుని వెళ్లండి. రెండింటిలో కార్లు కనిపిస్తాయి, ఒకదానికి దారి మంచుతో మూసుకుపోయి ఉంటుంది. ‘మినిమమ్ మెయింటెనెన్స్’ బోర్డు ఉన్న మట్టిరోడ్డు మీద చలికాలంలో మంచు తీయరు, అందులోకి దిగకండి. హద్దు దాటి పక్క రైతు చేలో అడుగు పెట్టడం అక్కడ పెద్ద తప్పు. ఇంటికి వెళ్లి అడగండి. సీజన్ చివర చాలామంది మెత్తబడి ఉంటారు.

ఈ పక్షి ఆ నేలది కాదన్న సంగతి కూడా తెలుసుకోదగ్గదే. చైనా నుంచి తెచ్చి వదిలితే మొక్కజొన్న ప్రాంతాల్లో విస్తరించింది. సౌత్ డకోటాలో మొదటి వేట సీజన్ 1919లో జరిగింది. ఇప్పుడిది ఆ రాష్ట్ర పక్షి.

ప్రశ్న: స్నేహితుడు తన పాత డబుల్ బారెల్ ఇస్తానంటున్నాడు. ఏ తోటాలు కొనాలి? – బాణసవాడి

జవాబు: పాత తుపాకీ అన్నారు కాబట్టి ముందు ఒక జాగ్రత్త. వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో సీసపు పెల్లెట్లు నిషేధం, ఉక్కువి వాడాలి. ఉక్కు గట్టిది, సీసంలా నలగదు. మూతి బిగువుగా ఉండే పాత ‘ఫుల్ చోక్’ గొట్టాల్లో కాలిస్తే గొట్టం ఉబ్బి పాడవుతుంది. దాన్ని కాకుండా చోక్ మార్చుకునే వీలున్న కొత్త 12 బోర్ అడగండి, మూతి అంత బిగువుగా లేని మాడిఫైడ్ చోక్ పెట్టించండి. తోటాలు 3 అంగుళాలవి, ఉక్కు 3 లేదా 2 నంబర్. ఉక్కు సీసం కన్నా తేలిక, దూరం పోయేసరికి ఊపు తగ్గుతుంది. నంబర్ తగ్గేకొద్దీ పెల్లెట్ పెద్దది, అందుకే సీసంలో 5 వాడే చోట ఉక్కులో రెండు నంబర్లు పెద్దది, అంటే 3. 35 గజాలు దాటితే కొట్టకండి, గాయపడిన పుంజు పరుగెత్తి జమ్ములో కలిసిపోతే కుక్క లేకుండా దొరకదు.

సున్నాకి ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో తుపాకీలోని నూనె చిక్కబడి తోటాను పేల్చే సూది మందగిస్తుంది, తోటా పేలదు. ముందు రోజు రాత్రే పాత నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తుడిపించండి.

ప్రశ్న: మావారు మొదటిసారి వెళ్తున్నారు. బెంగళూరు డిసెంబర్‌కే స్వెటర్ వేసుకునే మనిషి. ఏం సర్దాలి? – మారతహళ్లి నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, బరువైన కోటు కన్నా ఒంటికి తగిలే పొర ముఖ్యం. నూలు బనియన్లు, జీన్స్ పెట్టెలోంచి తీసేయండి. నూలు చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, నడక ఆపిన ఐదు నిమిషాలకు ఆ తడే చలి పుట్టిస్తుంది. మెరీనో ఉన్ని లేదా సింథటిక్ లోబట్టలు రెండు జతలు, ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు ఇక్కడే కొనండి. బూట్లు, గాలి ఆపే పైకోటు, మంచు ప్యాంటు అక్కడే కొనుక్కోవడం మేలు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి. కారు దిగేటప్పుడు కాస్త చలిగా అనిపించేంతే వేసుకోమనండి, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే వెంటనే కారులోకి వచ్చి చంకల్లో పెట్టుకోవాలి. మంచుతో రుద్దకూడదు.

మంచుగడ్డ మీద నడిచేటప్పుడు గట్టిగా, పారదర్శకంగా ఉన్న గడ్డ 4 అంగుళాలైనా ఉండాలి. జమ్ము మధ్యలో నీటి ఎలుకల గూళ్ల చుట్టూ, ఊటల దగ్గర, మంచు దట్టంగా కప్పిన చోట అది పలచగా ఉంటుంది. ఎవరూ ఒంటరిగా మడుగులోకి దిగకూడదు. కారులో పార, రెండు దుప్పట్లు, మంచినీళ్లు, తినుబండారాలు ఉండాల్సిందే. ఈదురుగాలి మంచు హెచ్చరిక వస్తే ఆ రోజు బసలోనే.

ప్రశ్న: మా ఊరు హిందూపురం దగ్గర. కౌజులు, పూరేళ్లు పుష్కలం. అక్కడిలా ఇక్కడ లైసెన్సు తీసుకుని వేటాడలేమా? – యలహంక విద్యార్థి

జవాబు: కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు లైసెన్సు లేదు. సొంత పొలమైనా, వలైనా, ఉచ్చయినా నేరమే. రోడ్డు పక్కన అమ్మే కౌజుల్ని కొనడమూ తప్పే. ఫెజెంట్ కుటుంబానికే చెందిన కౌజును చూడాలంటే మీకు దగ్గర్లోనే హెసరఘట్ట గడ్డిమైదానం ఉంది. తెల్లవారుజామున వెళ్లండి, గాలికి ఎదురుగా, ఆగి ఆగి నడవండి. పైన చెప్పిన మెళకువలన్నీ కెమెరాకూ పనికొస్తాయి.

ప్రశ్న: మా అల్లుడుగారు పోయినసారి తెచ్చిన ఫెజెంట్‌ను కోడికూరలాగే వండితే పీచులా, ఎండిపోయినట్టు వచ్చింది. ఎలా వండాలి? – జయనగర్ నుంచి ఒక అత్తగారు

జవాబు: పొరపాటు మీ చేతిది కాదమ్మా, రొమ్మునూ కాళ్లనూ కలిపి వండడం వల్ల అలా వచ్చింది. రొమ్ములో కొవ్వు లేదు, ఎక్కువ ఉడికితే ఎండిపోతుంది. కాళ్లలో గట్టి నరాలుంటాయి, తక్కువ ఉడికితే నమలలేం. రెండింటినీ విడదీయండి. రొమ్ము ముక్కల్ని లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు నానబెట్టి, తుడిచి, వేడి పెనం మీద అటు మూడు ఇటు మూడు నిమిషాలు వేయించి దించేయండి. వేపుడు మసాలా, కరివేపాకు చివర్లో చల్లండి. కాళ్లను ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, చింతపండు రసంతో సన్నని సెగ మీద మూతపెట్టి రెండు గంటలు పులుసులా ఉడికించండి. మాంసం ఎముక నుంచి దానంతటదే జారాలి. తర్వాత నరాలు ఏరేయవచ్చు.

ఇంటికి చేరేదాకా పక్షికి తలో కాలో ఉంచమని అల్లుడుగారికి చెప్పండి, అది పుంజేనని దారిలో అధికారికి చూపాలి. వండే ముందు ముక్క ముక్కనూ వేళ్లతో తడమండి. ఈక లోపలికి దూరిన చోట నల్లని మచ్చ కనిపిస్తే కింద పెల్లెట్ ఉంటుంది. ఉక్కువైతే ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ముక్కల మీద తిప్పండి, పైపైన ఉన్నవి అతుక్కుంటాయి. లోతున ఉన్నవాటిని వేలితోనే పట్టాలి.