అణువు‘ల్లో’నా, అణువుల ‘మధ్య’నా?

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కెమిస్ట్రీ పరీక్షలో ‘నీటి అణువుల్లో హైడ్రోజన్ బంధాలు ఉంటాయి’ అని రాస్తే అర మార్కు కోశారు. ‘అణువుల మధ్య’ అనాలట. ‘అన్నదమ్ముల్లో గొడవలు’ అంటే అన్నదమ్ముల మధ్య గొడవలనే కదా! మరి ఇది తప్పెలా అవుతుంది? పనిలో పని, ‘ధృవ అణువు’ అనాలా, ‘ధ్రువ అణువు’ అనాలా?

సమాధానం: తెలుగుగా తప్పు లేదు. కెమిస్ట్రీ జవాబుగా మాత్రం అది చాలదు. అర మార్కు కోయడం కాస్త కఠినమే గానీ, లెక్చరరు గారు చేసిన సవరణ సరైనదే.

బహువచనం మీద ‘లో’ చేరితే రెండు అర్థాలు రావచ్చు. ‘సీసాల్లో నూనె ఉంది’ అంటే ఒక్కో సీసా లోపల ఉందని. ‘అన్నదమ్ముల్లో గొడవలు’, ‘వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు’ అంటే ఒకరికీ మరొకరికీ నడుమ అని. ఏ అర్థమో తేల్చేది ‘లో’ కాదు, పక్కనున్న మాట. గొడవకు కనీసం ఇద్దరు కావాలి కాబట్టి అక్కడ ఎవరికీ అనుమానం రాదు. నీటి అణువుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. అణువు లోపలా బంధాలున్నాయి, అణువుకూ అణువుకూ నడుమా ఉన్నాయి. పైగా రెండు చోట్లా హైడ్రోజన్ ఉంది.

లోపల ఉన్నవి సమయోజనీయ బంధాలు. ఒక ఆక్సిజన్ పరమాణువు రెండు హైడ్రోజన్లతో ఎలక్ట్రాన్లను పంచుకుంటుంది. అయితే ఆ పంపకం సమంగా ఉండదు. ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణాన్ని రుణవిద్యుదాత్మకత అంటారు. దాన్ని కొలిచే పౌలింగ్ స్కేలు మీద ఆక్సిజన్‌ది 3.44, హైడ్రోజన్‌ది 2.20. అందుకే ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు ఒరిగి అటు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం మిగులుతాయి. మూడు పరమాణువులూ ఒకే గీత మీద ఉంటే ఈ రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి. కార్బన్ డయాక్సైడ్‌లో జరిగేది అదే. నీటి అణువు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది కాబట్టి రద్దు కావు, అది ఒక వైపు రుణావేశం, మరో వైపు ధనావేశం ఉన్న ధ్రువ అణువు అవుతుంది.

ఇక ఒక అణువులోని హైడ్రోజన్‌ను పక్క అణువులోని ఆక్సిజన్ ఆకర్షిస్తుంది. 1920లో లాటిమర్, రోడెబుష్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు నీటి ధర్మాలను వివరిస్తూ చెప్పిన బలహీన బంధం ఇదే. నీటిలో హైడ్రోజన్ బంధం అన్న పేరు దీనికే చెల్లుతుంది. పిల్లలు పొరబడేది ఇక్కడే. హైడ్రోజన్ ఉన్న బంధమల్లా హైడ్రోజన్ బంధమే అనుకుంటారు. విగ్రహవాక్యం చెప్పమంటే నేనూ అలాగే చెప్పేవాణ్నేమో! పారిభాషిక పదాలకు విగ్రహవాక్యం ఒక్కటే చాలదు.

తేడా చూడాలంటే స్టవ్ మీద గిన్నె చాలు. నీళ్లు మరిగి ఆవిరైనప్పుడు తెగేవి అణువుల మధ్య బంధాలే. మూత తీసి చూస్తే దాని అడుగున మళ్లీ నీటి చుక్కలే ఉంటాయి. అణువు లోపలి బంధాలే తెగితే మిగిలేది హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు. వంటింటి మంటకు అంత సత్తువ లేదు. లోపలి బంధం తెగడానికి మోల్‌కు (కెమిస్ట్రీలో కణాలను లెక్కపెట్టే కొలత) సుమారు 460 కిలోజౌళ్లు కావాలి, హైడ్రోజన్ బంధానికి 20 కిలోజౌళ్ల చిల్లర. అయినా ఈ బలహీన బంధాల చలవే లేకపోతే నీరు 100 డిగ్రీల దాకా ఆగేది కాదు. దాని వరసే అయిన హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

హైడ్రోజన్ బంధానికి ఎప్పుడూ ‘మధ్య’ అనే రాయాలని మాత్రం బట్టీ పట్టించకండి. ఆర్థో నైట్రోఫినాల్ అనే పదార్థంలో హైడ్రోజన్ బంధం అణువు లోపలే ఏర్పడుతుంది, అక్కడ ‘లో’నే ఒప్పు. పారా నైట్రోఫినాల్‌లో అణువుల మధ్య ఏర్పడుతుంది. సంస్కృత సమాసాల వైపు పోతే ఇంకా చిక్కు. ‘అంతర్గతం’లో లోపల అనే అర్థమిచ్చిన ‘అంతర్’, ‘అంతర్జాతీయం’లో నడుమ అనే అర్థంలో వాడుకైపోయింది. ఆ టెన్షన్ లేకుండా ‘అణువు లోపల’, ‘అణువుల మధ్య’ అని విప్పి రాసుకోవడమే మేలు.

రెండో సందేహానికి: ధ్రువ ఒప్పు, ధృవ తప్పు. ధ్రువీకరణ పత్రం కూడా అంతే, ఆఫీసుల్లో ఇచ్చే కాగితాల మీద ఎలా అచ్చయినా సరే.