షోకేసులో పెట్టుకోడానికి క్రిస్టల్ రాళ్లు కొనాలనుంది. అసలువో నకిలీవో ఎలా తెలుస్తుంది?

కొనండి, నేనేం వద్దనను. ముందు నా పద్దెనిమిది వందలు ఎలా పోయాయో వినండి.

మూడేళ్ల కిందట మా విజయనగరంలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్, పళ్లెమంత ఢిల్లీ అప్పడం, ఏది తీసుకున్నా వంద రూపాయల ప్లాస్టిక్ సామాను, అన్నీ మామూలే. ఓ మూల స్టాల్లో మాత్రం ఒకతను నల్లగుడ్డ మీద రాళ్లు పరిచి, పైన తెల్లటి లైటు వేలాడదీశాడు. ఆ లైటే నన్ను ముంచింది. దోసిట్లో పట్టేంత గుత్తి, నేరేడుపండు రంగు, పలకలు పలకలుగా మెరిసిపోతోంది. "అమెథిస్ట్ సార్, బ్రెజిల్ సరుకు. ఇంట్లో పెట్టుకుంటే నెగటివ్ ఎనర్జీ లాగేస్తాది" అన్నాడు. అమెథిస్ట్ అంటే ఊదారంగు క్వార్ట్జ్, మన స్ఫటికం జాతే. నాకు ఎనర్జీతో పనిలేదు, ఆ రంగు కావాలి. రెండువేల ఐదొందలు చెప్పినవాడు పద్దెనిమిది వందలకి దిగొచ్చేసరికి, బేరంలో గెలిచానని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంట్లో మా చిన్నాన్న ఉన్నాడు. గరివిడి, గర్భాం వైపు మాంగనీసు గనుల్లో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి. చదువు ఐదో తరగతి. పొట్లం విప్పి గర్వంగా చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకేసి పెట్టి చూళ్లేదు. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి "తేలిగ్గుందేట్రా?" అన్నాడు. చూపుడువేలు నాలిక మీద తడిపి, రాయి మీద రుద్ది, ఆ వేలు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. మొహం వంకరపోయింది.

"ఎంతెట్టావు?"

చెప్పాను.

"నీ తస్సాదియ్యా! ఇది రాయి కాదురా బావు, పటిక. సెలూన్లో గెడ్డం గీసీసి రాస్తారు సూడు, అదే. రంగొకటీ ఏరు."

నేను ఒప్పుకుంటానా! బ్రెజిల్ అన్నాను, అమెథిస్ట్ అన్నాను, గూగుల్ తీసి ఫొటో చూపించాను. ఆయన ఫొటో కేసి చూసి "ఇందల ఎన్ని పలకలున్నాయో ఎంచు. మరి నీదాన్లో ఎంచు" అన్నాడు. ఫొటోలో ఉన్నది ఆరు పలకల కడ్డీ, కొసన సూదిగా మొన. నాదాన్లో కడ్డీ అన్నదే లేదు. రెండు పిరమిడ్లు అడుగుకి అడుగు అతికించినట్టు ఎనిమిది ముఖాలు. స్టాలు దగ్గర అరగంట నిలబడ్డాను గానీ పలకలు లెక్కపెడదామన్న ఆలోచనే రాలేదు.

ఈలోగా పిన్ని స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టింది. ఓ మూల ముక్క విరిచి అందులో పడేశాం. భోజనాలు చేసి లేచేసరికి ముక్క సగమైంది, నీళ్లు ఊదాగా మారాయి. ఎలాగూ పరువు పోయింది కదా అని, గ్లాసు స్టవ్ మీద పెట్టి వేడి చేశాను. ఊదా కాస్తా ఆకుపచ్చ అయింది! పిన్ని "నా గ్లాసు పాడుసేసినావు" అని అరుపు. తర్వాత తెలుసుకుంటే అది క్రోమ్ ఆలం, అంటే క్రోమియం కలిసిన పటిక. తోళ్లు పదును పెట్టడానికి వాడే మందు. చల్లని నీళ్లలో ఊదా, కాస్తే పచ్చ. గాఢంగా కలిపి ఏ రాతి ముక్క మీదో పెరగనిస్తే కొద్దిరోజుల్లో గుత్తి తయారు. అసలు అమెథిస్ట్ భూమిలో తయారవడానికి పట్టే కాలం ముందు ఇదెంత! తూకం సంగతీ తేలింది. క్వార్ట్జ్ నీటికి రెండున్నర రెట్లకి పైన బరువుంటుంది, పటిక రెండు రెట్లు కూడా ఉండదు. ఆ తేడా చిన్నాన్న అరచేతికి తెలిసింది, నా డిగ్రీకి తెలీలేదు. స్ఫటికం అని కొంటే పటిక వచ్చిందంటే నవ్వుతారు గానీ, మాటలు రెండూ ఒకింటివే. అమ్మినవాడు తెలుగులో అమ్మి ఉంటే పెద్దగా అబద్ధమాడినట్టు కూడా కాదు.

చిన్నాన్న చేశాడని మీరు మాత్రం రాళ్లు నాకకండి. సీసం, ఆర్సెనిక్, పాదరసం ఉన్న ఖనిజాలు కూడా చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి.

సరే, మీ ప్రశ్న. నా లెక్కలో బజారులో సగానికి సగం పచ్చి నకిలీ కాదు, పేరు మార్చిన సరుకు. సిట్రిన్ (అంటే పసుపురంగు క్వార్ట్జ్) అని అమ్మే ముదురు నారింజ రంగు గుత్తులున్నాయే, అడుగున తెల్లగా, కొసలు కాల్చినట్టుగా ఉంటే అది బట్టీలో కాల్చిన అమెథిస్ట్. అమెథిస్ట్‌లో ఉన్నది ఇనుమే, వేడికి రంగు మారుతుంది. రాయి నిజమే, పేరే అబద్ధం. గులాబీ, నెమలికంఠం రంగుల్లో వచ్చే అగేట్ (చారల రాయి) బిళ్లలు రంగులో ఊరబెట్టినవి. పగుళ్లలో రంగు చిక్కగా దిగి ఉంటుంది, భూతద్దం పెడితే తెలిసిపోతుంది. ఇంద్రధనుస్సులా మెరిసే క్వార్ట్జ్ మీద ఉన్నది లోహపు పూత. ఓపలైట్ అని, గోల్డ్‌స్టోన్ అని అమ్మేవి గాజు, అంతే. స్ఫటికమాలలు కొనేవాళ్లు ఒక పూసని చెంపకి ఆనించి చూడండి. గాజు ఇట్టే వెచ్చబడుతుంది, స్ఫటికం చాలాసేపు చల్లగానే ఉంటుంది. లోపల గుండ్రటి బుడగలు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. స్ఫటికపు గోళమైతే కాగితం మీద పెన్నుతో గీత గీసి పైన పెట్టి తిప్పండి, అసలుదైతే ఏదో ఒక వైపు నుంచి ఆ గీత రెండుగా కనిపిస్తుంది. గాజులో ఎటు తిప్పినా ఒక్కటే. వెనకవైపు కనపడనిచోట చాకుతో గీరితే క్వార్ట్జ్ మీద గీత పడదు. అయితే అమ్మేవాడు గీరనిస్తాడా అన్నది వేరే ప్రశ్న.

"శక్తి నింపిన క్రిస్టల్" అని అదనంగా మూడొందలు వేసేవాళ్ల గురించి రాయకూడదనుకున్నాను. పున్నమి వెన్నెల్లో పెట్టారట. మా డాబా మీద వడియాలు కూడా పున్నమి వెన్నెల్లోనే ఉన్నాయి, వాటికి ఎవరూ మూడొందలు ఇవ్వలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. అసలో నకిలీయో తర్వాత, ముందు "ఇది ఏ ఊరిది?" అని అడగండి. ఊరి పేరు చెప్పలేని రాయిని నేను కొనను. పటిక దెబ్బ తర్వాత ఒకాయన దగ్గర పోస్టులో తెప్పించుకున్నాను. అగ్గిపెట్టెంత ముక్క, తెల్లటి స్టిల్‌బైట్ అనే ఖనిజం మీద రాబిన్ బ్లూ చల్లినట్టు నీలం బుడిపెలు. కావన్‌సైట్ అంటారు. దూది, న్యూస్‌పేపరు, థర్మోకోల్ తీసుకుంటూ పోతే అడుగున చిన్న చీటీ: ఖనిజం పేరు, వాఘోలి, పుణె. ఆ ఊరి బసాల్ట్ (నల్లరాతి) క్వారీల్లో దొరికినంత అందంగా ఇది ఇంకెక్కడా దొరకలేదని ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. కాల్షియం, వెనేడియం, సిలికేట్ కలిపి కుట్టిన పేరు. మొదట దొరికింది అమెరికాలోని ఒరెగాన్‌లో, పేరు తెచ్చింది మాత్రం వాఘోలి. నాసిక్, జల్‌గావ్ వైపు కంకర కోసం కొండలు పగలగొడుతుంటే రాతి బొరియల్లో అపోఫిలైట్, స్టిల్‌బైట్ లాంటి ఖనిజాలు బయటపడతాయి. అవి అమెరికాలో టూసాన్ అనే ఊళ్లో ఏటా ఫిబ్రవరిలో జరిగే సంతదాకా వెళ్తాయి. అలాంటి ముక్కకి చీటీ పోతే విలువ సగం పోయినట్టే. చీటీ మీద రాసిన ఊళ్లో ఆ ఖనిజం నిజంగా దొరుకుతుందో లేదో మిన్‌డాట్ అనే సైట్లో వెతికితే తేలిపోతుంది. నాకు పటిక అంటగట్టినవాడు బ్రెజిల్ అన్నాడు. బ్రెజిల్ ఊరా? మన దేశానికి రెండున్నర రెట్లుంటుంది.

నేను చదువుకున్న కాలేజీలో జియాలజీ బీరువా ఒకటుండేది. రాళ్ల మీద తెల్లరంగుతో అంకెలు వేసి ఉండేవి. ఆ అంకెలకి అర్థం చెప్పే రిజిస్టరు చెదలు తినేసింది. బీరువా నిండా అనాథలే. దానికి తాళం మాత్రం భద్రంగా వేసేవారు.

మనూరి రాళ్ల సంగతీ అంతే. గరివిడి దగ్గర కోడూరు ఉంది కదా, దాని పేరుతో ఒక రాయి ఉందని మనలో ఎంతమందికి తెలుసు? కోడూరైట్. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఈ వైపు, 1892లో. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా. తర్వాత జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ దొర ఇక్కడి గోతులన్నీ తిరిగి, ఇక్కడి రాయికి ఊరి పేరే పెట్టాడు. అందులోని గోమేధికం లాంటి గార్నెట్‌కి స్పాండైట్ అన్నాడు. 1909లో ఆయన రాసిన పెద్ద గ్రంథంలో మన గర్భాం, గరివిడి అన్నీ ఉన్నాయి. ఇంకోటి, ఖోండలైట్. కొండల్లో దొరుకుతుంది కాబట్టి ఆ పేరని చాలాకాలం అనుకున్నాను. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారట. మన పాత ఇళ్ల పునాదుల్లో, ప్రహరీల్లో ఎర్రచుక్కలున్న రాయి చూసుంటారు. ఆ చుక్కలు గార్నెట్లు. శ్రీకాకుళం వైపు కళింగపట్నం బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద ఎర్రటి చార మిగులుతుందే, అదీ గార్నెట్టే. ఎగ్జిబిషన్లో డబ్బులిచ్చేముందు ఒకసారి అక్కడికెళ్లి భూతద్దంతో ఆ ఇసుక చూడండి. ఖర్చు బస్సు చార్జీ. చూసి అక్కడే వదిలేయండి. ఆ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, దాన్లో థోరియం అనే అణుధార్మిక లోహం. అది ప్రభుత్వం లెక్క.

రంగురాళ్లని చెప్పి తవ్వకాలకి మాత్రం పోకండి. నర్సీపట్నం అవతల కరక కొండ మీద వైడూర్యం కోసం దొంగతనంగా గోతులు తవ్వి, మట్టి విరిగిపడి పోయినవాళ్లున్నారు.

మళ్లీ చిన్నాన్న దగ్గరికి వస్తాను. వాళ్ల వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా ఓ నల్లరాయి అడ్డం పెట్టేవారు. చిన్నప్పట్నుంచీ దాన్ని తన్నుకుని కాలి వేళ్లు చితక్కొట్టుకున్నవాణ్ణే గానీ ఏనాడూ చూసింది లేదు. పటిక పంచాయితీ అయ్యాక కూర్చుని చూశాను. నల్లద్రాక్ష గుత్తి బోర్లించినట్టు బుడిపెలు, ఒక పక్క నున్నగా మెరుపు, ఇంకో పక్క ముట్టుకుంటే వేలికి మసి. పగిలిన కప్పు అడుగున, మెరుగు లేనిచోట గీస్తే నల్ల గీత పడింది. మాంగనీసే. బుడిపెలున్నది సైలోమెలేన్, మసి అంటేది పైరొలూసైట్. ఏ ఊరిదని అడిగితే చిన్నాన్న ఊరితో ఆగలేదు. ఏ గొయ్యి, గొయ్యిలో ఏ పక్క, ఆ రోజు తనతో ఎవరున్నారు, అన్నీ చెప్పాడు. ఆయన చెబుతుంటే చీటీ రాసి, ఫెవికాల్‌తో రాయి అడుగున అంటించాను. "దీన్ని నాకిచ్చీ, షోకేసులో పెడతాను" అన్నాను.

"అట్టుకెల్లు. మరి తలుపుకేటెడతాం?" అన్నాడు.

ఇప్పుడక్కడ ఇటుక పెట్టారు. అది తేలికై గాలికి జరిగిపోతోందని పిన్ని వారానికోసారి ఫోన్ చేసి నన్ను తిడుతోంది.